ఎడమ లేని చీర

జానెడు నేశాను. ఎవరి సాయం లేకుండా, ఎవరికీ చెప్పకుండా, భాగ్యమ్మ ఆత్మకూరు సంతకు పోయిన సందు చూసుకుని, ఒక్కణ్ణే మగ్గం గుంటలో కాళ్ళు దించి కూర్చుని జానెడు నేశాను. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకు ముస్తాబైన పిల్లలాగా, చూసేవాళ్ళు ఎప్పుడొస్తారా అని కూర్చున్నాను. చూడనీ. జబ్బు చేసి లేచాక నేసిన మొదటి జానెడు ఇది. కుంకుమ రంగు పట్టు అంచు, అంచులో జరీ, దాన్ని ఆనుకుని గంధం రంగు నూలు, ఎక్కడా పోగు తప్పలేదు, ఎక్కడా పొల్లు పోలేదు, కిటికీలోంచి వచ్చిన ఎండ దాని మీద పిల్లిలాగా పడుకుంది, అందరికంటే ముందు ఎండే మెచ్చుకున్నట్టుంది. మాతో చీరలు నేయించుకునే షావుకారు మల్లేశ్ ఈపాటికి గద్వాలలో బయలుదేరి జూరాల కట్ట దాటి ఉంటాడు. పడుగు అతనిది, పట్టు అతనిది, జరీ అతనిది, చేతులు మాత్రం మావి. ఆ చేతులు ఇంకా పనికొస్తాయో లేదో చూసుకోవడానికే వస్తున్నాడు. పనికిరావనుకుంటే పడుగు చుట్టుకుని అమరచింతలోనే ఇంకో మగ్గానికి మోసుకుపోతాడు. పోతే నాకేం మిగులుతుంది, గుంట మిగులుతుంది. మేమూ నేతలమే, ఓట్లడిగే వాళ్ళూ నేతలే, మాది పేక, వాళ్ళది పేకాట, వాళ్ళు దిగిపోయినా జెండా కారుంటుంది, మేం దిగిపోతే ఈ గుంటలో కోళ్ళు పడుకుంటాయి.

కోళ్ళు. కోడి మెదడు ఎంతుంటుందో, చింతగింజంత ఉంటుందేమో. నా మెదడు మాత్రం వనపర్తి దవాఖానలో డాక్టరు బల్ల మీద చూశాను. నాది కాదులెండి, ప్లాస్టిక్‌ది, పనసతొనల్లాగా ఊడదీసి మళ్ళీ పెట్టొచ్చు. డాక్టరు పిల్లవాడే, నా కళ్ళజోడుకున్నంత వయసుండదు, తొన తర్వాత తొన తీసి చూపించాడు. తల వెనక్కి ఉన్నది చూపుదట, చెవుల పక్కనున్నది వినికిడిదట, నడినెత్తిన అడ్డంగా ఉన్న పట్టీ కాళ్ళూ చేతులూ ఆడించేదట, కింద మెడ దగ్గర ఉల్లిగడ్డలాగా ఉన్నది చిన్నమెదడు, నడక, తూకం, అలవాటు పడ్డ పని అంతా దాని చేతిలో ఉంటుందట. మెదడు తాను మెదలదు గానీ మనిషిని మెదిలిస్తుంది. అచ్చం మండలాఫీసు. ఒక బల్లకాడి పని ఇంకో బల్లవాడు ముట్టుకోడు, ఒకడు సెలవు పెడితే ఆ పని ఊరందరికీ ఆగిపోతుంది. పైగా కుడి పక్క బల్లవాడు ఎడమ చేతిని ఏలుతాడట, ఎడమ పక్కవాడు కుడి చేతిని ఏలుతాడట, నరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని అటుదిటు, ఇటుదటు పోతాయట. అది విని నేను మురిసిపోయాను, నన్ను పుట్టించినవాడెవడో మా కులపోడే, పోగులు దాటించడం తెలిసినవాడే అని. నాకు నెత్తురు గడ్డకట్టింది కుడి పక్క. మాట్లాడే బల్ల ఎడమ పక్క ముందువైపు ఉంటుందట, దానికి గీతైనా పడలేదు. "అందుకే నోరు బతికింది పెద్దాయనా" అన్నాడు డాక్టరు. భాగ్యమ్మ అక్కడే ఉంది, ఊరుకుంటుందా. "అదొక్కటి పోయుంటే జర నిమ్మలముంటుండె సారూ" అంది. డాక్టరు నవ్వాడు, నర్సు నవ్వింది, నేనూ నవ్వాను, మూతి ఒక పక్కే నవ్విందట, తర్వాత చెప్పారు.

మూతి సర్దుకుంది. చెయ్యి సర్దుకుంది. కాలు కొంచెం ఈడుస్తుంది గానీ గుంటలోకి దించగానే ఇవాళ ఎంత చక్కగా తొక్కింది, ఒక కర్ర తొక్కితే సగం పోగులు పైకి, ఇంకో కర్ర తొక్కితే మిగతా సగం పైకి, నేను చెప్పే పనే లేదు, ఆ ఉల్లిగడ్డ మహాతల్లి ఏదీ మరిచిపోలేదు. సర్దుకోనిది ఒక్కటే అంటారు వీళ్ళు. ఎడమ. నాకు ఎడమ ఎడమైపోయిందట. నెల రోజులు నాగర్‌కర్నూల్‌లో మా బిడ్డ వనజ ఇంట్లో ఉండి కసరత్తు చేయించుకున్నాను, అక్కడ తెలిసింది నా సంగతి నాకు. తెలియడమంటే వాళ్ళు చెప్పారు, నేను విన్నాను. వనజ పళ్ళెంలో జొన్నరొట్టె పెట్టేది, నేను తినేవాణ్ణి, సగమే పెట్టిందని లోపల బాధపడేవాణ్ణి, అల్లుడి ఇల్లు కదా అని నోరు మూసుకునేవాణ్ణి. నాలుగో పూటకు ఆగలేక "ఏం బిడ్డా, రొట్టెలు సగం సగం కాలుస్తున్నవా" అన్నాను. అది ఏడ్చినంత పని చేసి, ఏమీ అనకుండా పళ్ళాన్ని గిర్రున తిప్పింది. ఏముంది, ఇంకో సగం రొట్టె ప్రత్యక్షం! కూర కూడా! అప్పుడే అన్నాను, ఇన్ని పూటలూ నేను కుడి పక్కనే కుడుస్తున్నానా అని. వనజకు అప్పుడు నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

కసరత్తులు చేయించే పిల్ల సింధూజ. కాగితమిచ్చి గడియారం గీయమంది. గీశాను. అంకెలన్నీ కుడి పక్కనే దిగబడ్డాయట, నీడ పక్క సీట్లలోకే ఎగబడ్డ పెళ్ళిబస్సు జనంలాగా. "అంకుల్, ఆరు దాటినంక ఈ పక్కంత ఖాళీ ఉన్నది కదా, ఏమాయె?" అంటే, "ఆరు దాటితే డ్యూటీ దిగిపోత బిడ్డా" అన్నాను. ఆ పిల్ల పడీ పడీ నవ్వి, మళ్ళీ గీయించింది, మళ్ళీ అంతే. కళ్ళు చెడిపోయాయా అంటే లేదంది, "కండ్లు మంచిగనే సూస్తున్నయ్ అంకుల్, మెదడే ఆ దిక్కును లెక్కల తీస్కుంటలేదు" అంది. అదీ కథ. కళ్ళు బాగున్నాయి, కల్లు తాగలేదు, అయినా సగం లోకం సున్నా. అందరూ పక్షవాతమంటారు, నేను మాత్రం పక్షపాతమంటాను, నా మెదడు కుడి పక్షంలో చేరిపోయి ఎడమ పక్షాన్ని సభలోంచి గెంటేసింది. ఎట్లా ఉంటుంది, నల్లగా ఉంటుందా, మసగ్గా ఉంటుందా అని అందరూ అడుగుతారు. మీకు మీ తల వెనక ఏం కనిపిస్తుంది? నలుపా? ఏమీ లేదు. లేదన్న సంగతి కూడా అక్కడ లేదు. అట్లా. చీకటైతే చీకటని తెలిసేది, దీపం పట్టుకునేవాణ్ణి. ఇది చీకటి కాదు. నాకు లోకం నిండుగానే ఉంది, ఏదీ తగ్గలేదు, తగ్గిందని వీళ్ళు చెబుతుంటే దేవుణ్ణి నమ్మినట్టు నమ్ముతున్నాను, అదీ అప్పుడప్పుడు.

కానీ ఇవాళ కాదు. ఇవాళ తల ఎడమకు తిప్పాను, సింధూజ చెప్పినట్టు గడ్డం భుజానికి తగిలిందనుకునేదాకా తిప్పాను, చూశాను, అంతా ఉంది. ఆ అంచుదాకా పేకపోగు మోసే నాడెను పంపాను, వెనక్కి తెచ్చాను, పన్నెతో పోగును దగ్గరికి కొట్టాను, మళ్ళీ పంపాను. పంతం. పోయిన వారం భాగ్యమ్మతో కలిసి కూర్చున్నప్పుడు పుట్టిన పంతం. గద్వాల చీర ఒక్కరితో కాదు, తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్ళకు చెబుతాను. ఒళ్ళు నూలు, అంచులు పట్టు, నూలు పేక వేరు, పట్టు పేక వేరు, కుట్టకుండా నేతలోనే రెంటినీ కలపాలి, పట్టుపోగూ నూలుపోగూ అంచు దగ్గర ఒకదాని మెడలో ఒకటి చెయ్యేసుకుని ఎవరింటికి వాళ్ళు తిరిగిపోవాలి. అందుకని మూడు నాడెలు, ఇద్దరు మనుషులు. నేను నడుమ, కుడి అంచు నాది. ఎడమ అంచు భాగ్యమ్మది. పెళ్ళైన కొత్తలో మా అమ్మ ఆమెను ఆ పక్క కూర్చోబెట్టింది, అప్పటి నుంచి ఆమె చోటు అదే. నేను నాడె విసిరితే ఆమె పట్టుకుంటుంది, తన పోగు కలిపి తిరిగి పంపుతుంది. ఆ పోగుల మీదుగానే పోట్లాడుకున్నాం, ఆ పోగుల మీదుగానే రాజీపడ్డాం, వనజ పెళ్ళి మాటలు కూడా ఈ మగ్గం మీదనే తేలాయి, ఒక విసురుకు ఆమె మాట, ఒక విసురుకు నా మాట, చీర పూర్తయి మగ్గం మీంచి తెగేసరికి సంబంధం కుదిరింది. ఇప్పుడు ఆమె అక్కడ కూర్చుంటే నాకు ఆకాశవాణి. గొంతు వస్తుంది, మనిషి రాదు. గాజుల చప్పుడు గాలిలోంచి వస్తుంది. పోయిన వారం ఆ గొంతు "ఇంకా అవుతలికి, ఇంకా అవుతలికి ఇసురు" అంటూనే ఉంది, నేను నాడెను సగంలోనే ఆపేస్తున్నానట, ఎక్కడికి విసరాలి, లేనిచోటికి నాడె ఎట్లా విసురుతారు, గోడకేసి విసరమన్నా విసురుతాను, గోడంటూ ఒకటుంది. "నువ్వు ఆడ లేవు కదనే!" అని అరిచాను. అనగానే గాజుల చప్పుడు ఆగిపోయింది. తర్వాత వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యాయి, అప్పుడు తెలిసింది లేచిపోయిందని. లేనిదానివి అన్నాను ఆమెను. ఆ మాట నా నోట్లోంచి మంచిగా, స్పష్టంగా, ఒక్క అక్షరం తడబడకుండా వచ్చింది. డాక్టరు చెప్పాడు కదా, ఆ బల్లకు గీత పడలేదు.

బండి చప్పుడు. ఇది మల్లేశ్‌దే, సైలెన్సర్ దగ్గుతుంది.

"నాగప్ప మామా! ఎట్లుంది పానం?" అంటూ వచ్చాడు, చుట్టరికం లేకపోయినా అతనికి నేను మామనే, చెప్పులు విప్పాడు, మగ్గం దగ్గరికి వచ్చాడు, వచ్చి నిలబడ్డాడు. నేసినవాడు నోరు మూసుకుని ఉండాలి, చీర మాట్లాడాలి. నేను నోరు మూసుకోవడమే పెద్ద ప్రకటన. మల్లేశ్ చూశాడు. కుడి నుంచి మొదలుపెట్టి చూపు జరుపుకుంటూ పోయాడు, ఆ చూపు నాకు కనిపించే చోటు దాటిపోయింది, తలకాయే అటు తిరిగిపోయింది, అట్లానే నిలబడిపోయాడు. గొంతు సవరించుకున్నాడు.

"అత్త లేదా?"

"సంతకు పోయింది. నేనొక్కణ్ణే నేశిన. ఎట్లున్నది చెప్పు అల్లుడా."

"మంచిగున్నది మామా" అన్నాడు. వెంటనే అన్నాడు, కొంచెం ఎక్కువ వెంటనే. "మస్తుగున్నది. నీ చెయ్యి చెయ్యే. గిప్పుడెందుకు మామా ఇంత తక్లీఫ్, జర రెస్టు తీస్కో. పడుగు నేను తీస్కపోయి అవుతలి గల్లీల ఇస్త, నువ్వు మంచిగయినంక మల్ల తెస్త. పరేషాన్ కావద్దు."

మంచిగుంటే పడుగు ఎందుకు తీసుకుపోతాడు? ఆ ప్రశ్న నా మెదడులో ఏ బల్ల మీదికో పోయి పడింది, అక్కడ ఎవరూ లేరనుకుంటా. మస్తుగున్నది అన్నాడు. నా కళ్ళూ అదే అంటున్నాయి. రెండు సాక్ష్యాలు. మల్లేశ్ మంచివాడు, నేను దవాఖానలో ఉన్నప్పుడు రెండుసార్లు వచ్చాడు, బత్తాయిలు తెచ్చాడు, ఇప్పుడూ బత్తాయిలు తెచ్చినట్టే ఉంది ఆ మాట, మెత్తగా, తియ్యగా, జబ్బుమనిషికి ఇచ్చేట్టుగా. బాగున్నవాడికి ఎవరూ బత్తాయిలివ్వరు.

గడప దగ్గర సంచి దించిన చప్పుడు. ఉల్లిగడ్డలు దొర్లాయి. భాగ్యమ్మ.

"ఏం మల్లేశా, ఎప్పుడొచ్చినవ్? చాయ్ తాగినవా? గీయన పెట్టిండా నీకు చాయ్, మాటలు పెట్టిండా?" అంటూ లోపలికి వచ్చింది. నా కుడి పక్క నుంచే వచ్చింది గనక కనిపించింది, నుదుటిన చెమట, కొంగు నెత్తిన, చేతిలో కొత్తిమీర కట్ట. మగ్గం చూసింది. కొత్తిమీర కట్ట దించలేదు. ఎప్పుడూ తిట్టేముందు ఒక ఊపిరి పీల్చుకుంటుంది, ఆ ఊపిరి పీల్చుకుంది గానీ తిట్టు రాలేదు.

"మంచిగున్నది అన్నడు మల్లేశ్" అన్నాను నేను.

"అన్నడా?" అంది. మల్లేశ్ వైపు చూసింది. మల్లేశ్ కిటికీ వైపు చూశాడు. "ఓ వనజ నాయినా, నేను చెప్త ఇను. సగమే నేశినవ్."

"జానెడు నేశ్న!"

"పొడుగు జానెడే. ఎడల్పుల సగం. నాడె నడుమదాంక పోయి నడుమల్నుంచే వాపసొచ్చింది. ఆ పక్క పడుగు ఉత్తగనే ఉన్నది, నూలు లేదు, అంచు లేదు, ఏమి లేదు. సగం చీర ఎవరు కట్టుకుంటరయ్యా?"

"అత్తా, ఊకో రాదే, ఆయన పానం..." అన్నాడు మల్లేశ్.

"నువ్వు ఊకో. పానం బాగలేని మనిషికి అబద్ధం చెప్తరా? ఆయన్ని పిచ్చోన్ని చేస్తున్నవా నా ఇంట్ల?"

నేను మళ్ళీ చూశాను. తల తిప్పాను, తిప్పగలిగినంత తిప్పాను. ఉంది. అంతా ఉంది. కుంకుమ, జరీ, గంధం, నిండుగా, ఎండ సహా. అబద్ధమాడుతోందా? ఎందుకు ఆడుతుంది, పోయిన వారం మాటకు కసి తీర్చుకుంటోందా? కసి ఉంటే ఉప్పెక్కువ వేస్తుంది, అంతవరకే, ఆమె కసికి ఒక హద్దుంది, కూర దాటి రాదు. మరి నా కళ్ళు? కళ్ళు చూసింది చెబుతాయి, కళ్ళ వెనకవాడు చూసి రాసుకుంటాడు, ఆ రాసినదాన్ని పక్క బల్లవాడికి అందిస్తాడు, ఆ పక్క బల్లవాడే కదా మూడు నెలలుగా రావడంలేదు. వాడు రాలేదని కూడా వాడే చెప్పాలి. రానివాడు నేను రాలేదని ఎట్లా చెబుతాడు? అదీ కిటుకు. చెయ్యి విరిగితే నొప్పి చెబుతుంది, పన్ను పోతే నాలుక వెతుకుతుంది, ఇది పోతే పోయిందని చెప్పే మనిషే దాంతోపాటు పోయాడు. ఇంక నా తలలో ఎంత వెతికినా సాక్షి దొరకడు. సాక్షి బయట ఉండాలి. ఎక్కడుంటాడు బయట? నాకంటే ఎక్కువగా నా ఎడమ పక్క కూర్చున్నది ఎవరు? ఎడమ పక్క పోగు తప్పిందని గొడవ పెట్టేది, నా ఎడమ భుజం దిగజారిందని సరిచేసేది, నాకు కనబడని నా సగాన్ని ఇన్నేళ్ళూ చూస్తూ వచ్చింది ఎవరు? నేను నా కళ్ళను నమ్మితే చీర నిండుగా ఉంటుంది, భాగ్యమ్మ అబద్ధాలకోరు అవుతుంది. భాగ్యమ్మను నమ్మితే చీర సగమవుతుంది. చీర సగమైనా ఫరవాలేదు. చీరలు ఎన్నో నేశాను.

"ఇప్పమంటవా?" అన్నాను.

ఆమె కొత్తిమీర కట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. అడుగుతానని అనుకోలేదేమో. నేనూ అనుకోలేదు.

"ఇప్పాలె" అంది.

పేక కొస పట్టుకుని లాగాను. నేతగాడికి విప్పడం కొత్త కాదు, తప్పు పడ్డచోట విప్పుతాం, తప్పు కనిపిస్తుంది గనక విప్పుతాం, చెయ్యి తొందరపడుతుంది. ఇవాళ చెయ్యి తొందరపడలేదు. ఒప్పుగా ఉన్నదాన్ని విప్పుతున్నాను. ఒక్క లోపం లేని గుడ్డను, నా కళ్ళ ముందు, నా చేతులతో. ఒక కర్ర తొక్కాను, ఒక పోగు వచ్చింది, రెండో కర్ర తొక్కాను, ఇంకో పోగు వచ్చింది, పట్టు జారుతూ వచ్చింది, నూలు గీసుకుంటూ వచ్చింది, ఒళ్ళో కుప్ప పడింది. మల్లేశ్ "మామా..." అన్నాడు. నాకు జోకు ఒకటి తట్టింది, అనలేదు. అనకుండా ఉండడానికి కూడా ఒక బల్ల ఉంటుందని డాక్టరు చెప్పాడు, నుదుటి వెనక ఉంటుందట, ఇన్నాళ్ళకు దానికి మొదటిసారి పని దొరికింది.

"ఇంకా ఉన్నదా?" అన్నాను.

"ఇంక జరంత."

లాగాను.

"సాలు" అంది. అప్పుడు ఆపాను.

మల్లేశ్ గుమ్మంలోకి పోయాడు. పడుగు చుట్టుకోవడానికి కర్ర తెస్తాడనుకున్నాను. బండి స్టాండు తీసిన చప్పుడైంది, ఇంజను దగ్గలేదు, దొర్లించుకుంటూ పోయిన చప్పుడే, తర్వాత "ఈడ ఎండ ఎక్కుతున్నది అత్తా, గోడ నీడకు పెట్టిన. చాయ్ పెడ్తవా మరి, నేను జల్దీ పోయేదేం లేదు" అన్న మాట వినిపించింది. భాగ్యమ్మ చాయ్ పెట్టడానికి పోలేదు. కొత్తిమీర కట్ట కిటికీలో పెట్టింది, కొంగు నడుముకు దోపుకుంది, నా ముందు నుంచే నడిచింది, నడుస్తూ నడుస్తూ ఒక అడుగు దగ్గర లేకుండా పోయింది. గాజులు చప్పుడయ్యాయి. ఆమె కూర్చునే పలక కిర్రుమంది.

"కూసున్నవా?" అన్నాను.

"కూసున్న."

"యాడ?"

"ఎప్పుడు కూసునే కాన్నే. ఇసురు."

నాడె చేతిలోకి తీసుకున్నాను. నున్నగా ఉంది, నా అరచేతిని అరగదీసి తానూ అరిగిన నాడె. కర్ర తొక్కాను. పోగులు తెరుచుకున్నాయి, ఆ తెరుచుకున్నది నాకు కనిపించినంత దూరం కనిపించి, తర్వాత లేదు. అక్కడ గోడ లేదు, చీకటి లేదు, మనిషి లేదు. తల తిప్పలేదు. తిప్పినా ఒకటే. విసిరాను, సగందాకా కాదు, పూర్తిగా, చిన్నప్పుడు మా నాయిన పక్కన కూర్చుని విసిరినంత బలంగా విసిరాను. నాడె పోయింది. దేనికీ తగిలిన చప్పుడు లేదు, కిందపడ్డ చప్పుడు లేదు. నా వేళ్ళ మధ్య పోగు వదులుగా వేలాడుతోంది.

పోగు బిగిసింది. అటువైపు నుంచి, మెల్లగా, గుంజినట్టు.

"తొక్కు మల్ల, సూస్తవేంది" అంది భాగ్యమ్మ.

తొక్కాను.